సబ్బు నురుగు: ముఖక్షౌరంలో మొదటి పాఠం

మనం ప్రతిదినం చేయు పనులలో చిన్నవిగా కనిపించు వానిని గూర్చి ఆలోచించుట చాల అరుదు. పళ్ళు తోముకొనుట, తల దువ్వుకొనుట, గోళ్ళు తీసికొనుట మొదలైనవి ఎవరును నేర్పకయే వచ్చునని మన నమ్మకం. ముఖక్షౌరం కూడ అట్టిదే. ఇంటర్మీడియట్ తరగతిలో అడుగిడిన విద్యార్థికి నూనూగు మీసాలు వచ్చు వయస్సు. గణితానికి, రసాయనశాస్త్రానికి, వ్యాకరణానికి బోధకులు ఉన్నారు గాని గడ్డం గీసికొను విధానాన్ని కూర్చుండబెట్టి చెప్పువారు లేరు. తండ్రియో, అన్నయో చేయుచుండగా ఓరకంట చూచి నేర్చుకొనవలసినదే. అట్లు అరకొరగా నేర్చిన దాని ఫలితం మెడపై ఎర్రని పొక్కులు, చిట్లిన మొటిమలు, గవదపై గాట్లు. వీటన్నింటికి విద్యార్థి బ్లేడును నిందించును. నిజానికి నేరం చాలసార్లు బ్లేడుది కాదు, నురుగుది.

తెలుగు బోధించువాడు సబ్బు నురుగును గూర్చి వ్రాయనేల అని కొందరు అడుగవచ్చును. ఏ భాషయైనను కావ్యాలతో మాత్రమే బ్రతుకజాలదు. వంటయిల్లు, పొలం, దుకాణం, వైద్యశాల, ఇవన్నియు భాషకు నిలయాలు. ఒక చిన్న పనిని మొదటినుండి చివరివరకు తప్పు లేకుండ మన మాటలలో చెప్పగలిగిననాడే ఆ భాషలో శాస్త్రం చెప్పగలమన్న ధైర్యం కలుగును. ఆ ధైర్యాన్ని పరీక్షించుకొనుటకు నురుగుకంటె సులభమైన వస్తువు లేదు.

పేర్లలోని చరిత్ర

నురుగును సంస్కృతంలో ఫేనం అందురు. ఉర్దూలో ఝాగ్ అందురు. మన కుంకుడుచెట్టునకు సంస్కృతంలో ఫేనిలం అను పేరు కలదు. నురుగు కలిగినది అని దాని అర్థం. ఉర్దూలో రీఠా అనబడు ఈ చెట్టు జాతికి వృక్షశాస్త్రజ్ఞులు పెట్టిన పేరు సపిండస్. లాటినులో సబ్బునకు సాపో అని పేరు. సాపో ఇండికస్, అనగా భారతీయ సబ్బు, అన్న మాటలు కలిసి సపిండస్ అయినవి. ఒకే కాయలోని ఒకే గుణాన్ని ఇటు సంస్కృతం, అటు లాటిను రెండును పేరుగా స్వీకరించుట గమనింపదగినది.

సబ్బు అను మాటకు బంధువర్గం పెద్దది. అరబ్బీలో సాబూన్, ఉర్దూలో సాబున్, పోర్చుగీసులో సబావ్, ఫ్రెంచిలో సవోఁ. ఇవన్నియు ఒకే కుటుంబంలోనివి. తెలుగు సబ్బు కూడ ఆ కుటుంబంలోనిదే. అరబ్బు దేశాలలో ఆలివు నూనెతో సబ్బు వండుట శతాబ్దాల నాటి విద్య. పాలస్తీనాలోని నాబులస్ సబ్బును, సిరియాలోని అలెప్పో సబ్బును తయారుచేయు సంప్రదాయాలను యునెస్కో 2024 డిసెంబరులో మానవజాతి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చినది.

క్షౌరవృత్తివారిని ఉర్దూలో హజ్జామ్ అందురు. అరబ్బీలో ఈ మాటకు అసలు అర్థం కొమ్ముబూర పెట్టి చెడురక్తం తీయువాడు అని. అనగా క్షురకుడు పూర్వం వైద్యుడు కూడ. మన పల్లెలలో సైతం కురుపులు కోయుట, కట్టు కట్టుట ఆ పొదిపెట్టె మోసినవారి పనియే. హిందువుల ఇండ్లలో పుట్టువెంట్రుకలు తీయించుట, ముస్లింల ఇండ్లలో ఏడవనాడు అఖీఖా సందర్భంలో శిశువునకు తల గొరిగించుట, తిరుమల మొక్కు, హజ్ యాత్రలో మినాయందు శిరోముండనం, ఇవన్నియు ఆ కత్తిని నమ్మి జరుగు కార్యాలే. పసికందు తలను ఒక మనిషి చేతికి అప్పగించుటకంటె గొప్ప నమ్మకం ఏమున్నది?

నురుగు చేయు పని

నురుగు ముఖానికి అలంకారం కాదు. దానికి మూడు పనులు కలవు. మొదటిది వెంట్రుకను మెత్తపరచుట. వెంట్రుక కెరటిన్ అను మాంసకృత్తుతో నిర్మితమైనది. పొడిగా ఉన్నప్పుడు అది గట్టిది. నీరు పీల్చినచో దాని లోపలి హైడ్రోజన్ బంధాలు సడలి, వెంట్రుక ఉబ్బి మెత్తబడును. అప్పుడు తెగుటకు కావలసిన బలం ఎంతో తగ్గును. కాని చర్మం నుండి స్రవించు జిడ్డు వెంట్రుకను కప్పి నీటిని లోనికి పోనీయదు. సబ్బు ఆ జిడ్డును తొలగించును. రెండవది, నీటిని జారిపోకుండ ముఖంపై నిలుపుట. వట్టి నీరు క్షణంలో కారిపోవును, లేక ఆరిపోవును. నురుగులో చిక్కిన నీరు కొన్ని నిమిషాలు వెంట్రుకను అంటిపెట్టుకొని ఉండును. మూడవది, బ్లేడునకు చర్మానికి మధ్య జారుడు పొరగా నిలుచుట.

కనుక నురుగు ఎక్కువగా ఉన్నదా అని గాక, అందులో నీరు తగినంత ఉన్నదా అని చూడవలెను. మంచి నురుగు దట్టంగా ఉండును, తడిగా ఉండును. పొంగి ఉబ్బిన నురుగులో గాలి హెచ్చు, నీరు తక్కువ. అది చూచుటకు బాగుండును గాని కత్తికి సహాయపడదు.

బుడగలను గూర్చి మనకు ఎక్కువగా తెలిపినవాడు బెల్జియం దేశీయుడైన జోసెఫ్ ప్లాటో (1801–1883). నడివయస్సులోనే ఆయనకు చూపు పూర్తిగా పోయినది. అయినను ఇతరుల కన్నులతో ప్రయోగాలు చూచుచు, సబ్బు పొరలను గూర్చిన తన మహాగ్రంథాన్ని 1873లో ప్రకటించెను. నురుగులో ఎక్కడ చూచినను మూడు పొరలే ఒక అంచున కలియునని, వాని మధ్య కోణం 120 డిగ్రీలు ఉండునని ఆయన గుర్తించెను. ఆ అంచుల వెంబడియే నురుగులోని నీరు మెల్లగా క్రిందికి దిగును. మరియొక సంగతి. చిన్న బుడగలోని గాలి ఒత్తిడి పెద్ద బుడగలోని దానికంటె ఎక్కువ. అందువలన చిన్నవానిలోని గాలి పొరగుండ పెద్దవానిలోనికి పోయి, చిన్నవి హరించి, పెద్దవి మరింత పెరుగును. బుడగలన్నియు చిన్నవిగా, సమానంగా ఉన్నచో ఈ క్షయం ఆలస్యంగా జరుగును. కంటికి ఒక్క బుడగయు కనిపింపని నురుగే ఎక్కువకాలం నిలుచునని పెద్దలు చెప్పుటకు కారణం ఇదే.

సబ్బులో ఏమున్నది

నూనెను గాని కొవ్వును గాని క్షారంతో ఉడికించినచో సబ్బు, గ్లిసరిన్ ఏర్పడును. కొవ్వులలో ఆమ్లాలు కలవని 1823లో ప్రకటించిన తన గ్రంథంలో వివరించినవాడు ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రుల్. స్నానపు సబ్బును సోడియం క్షారంతో చేయుదురు. అది గట్టిగా ఉండును, నీటిలో నిదానంగా కరగును. క్షౌరపు సబ్బులోను, క్రీములోను పొటాషియం క్షారం కూడ చేర్చుదురు. పొటాషియం సబ్బు మెత్తనిది, త్వరగా కరగునది. స్టియరిక్ ఆమ్లం దట్టమైన, నిలుకడగల నురుగునిచ్చును. కొబ్బరినూనెలోని లారిక్ ఆమ్లం త్వరగా పొంగు పెద్ద బుడగలనిచ్చును. గ్లిసరిన్ నీటిని పట్టి ఉంచును. స్నానపు సబ్బుతో గడ్డం గీసికొన్నప్పుడు నురుగు నడుమనే ఆరిపోవుటకు కారణం ఈ పాళ్ళలోని భేదమే.

విద్యార్థులు సబ్బు కొనునప్పుడు పెట్టెపై గల పదార్థాల పట్టికను చదువుట అలవరచుకొనవలెను. టాలో, టాలోయేట్ అను మాటలున్నచో అందు పశువుల కొవ్వు కలదని అర్థం. పామేట్, కోకోయేట్ అనునవి తాటిజాతి నూనెలకు, కొబ్బరినూనెకు సంబంధించినవి. ఏది వాడవలెనో ఎవరి విశ్వాసం వారిది. తెలిసి ఎన్నుకొనుట మాత్రం చదువుకొన్నవాని లక్షణం.

నీటి సంగతి

సబ్బు ఎంత మంచిదైనను నీరు మంచిది కానిచో నురుగు రాదు. తెలంగాణ, రాయలసీమ ప్రాంతాలలో అనేక గ్రామాల బోరునీరు కఠినజలం. అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి నీటిలో కరగని తెల్లని తెట్టెగా మారును. ఆ లవణాలు తీరువరకు వేసిన సబ్బంతయు వృథా. పైగా ఆ తెట్టె చర్మంపై పేరుకొని దురద కలిగించును. త్రాగునీటిలో మొత్తం కఠినత లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకుండుట మంచిదని, వేరొక ఆధారం లేనిచో 600 వరకు అనుమతింపవచ్చునని 2012 నాటి భారతీయ ప్రమాణం చెప్పుచున్నది.

మీ నీరు ఎట్టిదో తెలిసికొనుటకు ప్రయోగశాల అక్కరలేదు. ఒక సీసాలో సగం నీరు పోసి, చిటికెడు సబ్బు తురుము వేసి, మూత పెట్టి గట్టిగా ఆడించవలెను. నురుగు నిలిచి, క్రింది నీరు తేటగా ఉన్నచో మృదుజలం. నురుగు తక్కువై, నీరు విరిగిన పాలవలె కనిపించినచో కఠినజలం. బైకార్బొనేట్ల వలన కలుగు కఠినత కాచినచో పోవును. కాచి, చల్లార్చి, తేరిన పైనీటిని వాడవలెను. సల్ఫేట్లు, క్లోరైడ్ల వలన కలుగునది కాచినను పోదు. అట్టిచోట పట్టి ఉంచిన వాననీరు ఉత్తమం. క్షౌరానికి కావలసినది ఒక చిన్న గిన్నెడు నీరే గనుక ఇది కష్టసాధ్యం కాదు. చాకలిసోడా కలిపి నీటిని మెత్తపరచు పద్ధతి బట్టలకు తగును, ముఖానికి తగదు. కుంకుడు నురుగు సబ్బువలె కఠినజలంలో తెట్టె కట్టదు. కాని కంటికి అది మంట గనుక ముఖానికి వాడరాదు.

బ్రష్షు

బ్రష్షులు నాలుగు విధాలు: బాడ్జర్ అను జంతువు వెంట్రుకలవి, పంది వెంట్రుకలవి, గుఱ్ఱపు వెంట్రుకలవి, నైలాను మొదలగు కృత్రిమపు పోగులవి. చౌకగా దొరకు వానిలో పంది వెంట్రుకలవి చాల కలవు. ముస్లిం విద్యార్థులు అడిగి తెలిసికొని కొనుట మంచిది. నేటి కృత్రిమపు పోగుల బ్రష్షులు మెత్తనివి, త్వరగా ఆరునవి, నురుగును చక్కగా ఇచ్చునవి. కనుక సందేహం ఉన్నవారికి లోటేమియు లేదు.

బ్రష్షు విషయంలో చరిత్ర నేర్పిన పాఠం ఒకటి కలదు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో (1914–18) సరిగా శుద్ధిచేయని గుఱ్ఱపు వెంట్రుకల బ్రష్షుల వలన బ్రిటన్, అమెరికా దేశాలలో సైనికులకు, పౌరులకు ఆంత్రాక్స్ సోకినది. గీతంత గాటుగుండ ఆ క్రిములు దేహంలో ప్రవేశించి కొందరి ప్రాణాలు తీసినవి. ముఖానికి తాకు వస్తువు ఎక్కడినుండి వచ్చినదో విచారించుట చాదస్తం కాదని దీనివలన తెలియుచున్నది.

నురుగు కలుపు విధానం

1. ముందు ముఖాన్ని గోరువెచ్చని నీటితో కడిగి, రెండు మూడు నిమిషాలు తడిగా ఉంచవలెను. స్నానానంతరం క్షౌరం చేసికొనుట మరింత మేలు. నీరు పొగలు గ్రక్కునంత వేడిగా ఉండరాదు. అది చర్మాన్ని ఎండబెట్టును.

2. బ్రష్షును గోరువెచ్చని నీటిలో ఒకటి రెండు నిమిషాలు నానబెట్టి, తీసి, రెండుమార్లు విదిలించవలెను. నీరు కారుచుండరాదు, పొడిగాను ఉండరాదు.

3. గట్టి సబ్బయినచో దానిపై బ్రష్షును ఇరువది ముప్పది సెకండ్లు సున్నాలు చుట్టినట్లు త్రిప్పవలెను. పోగుల కొనలపై మీగడవంటి ముద్ద ఏర్పడవలెను. క్రీమయినచో గిన్నెలో బాదంగింజంత వేసిన చాలును.

4. గిన్నెలోనో, అరచేతిలోనో బ్రష్షును మెల్లగా త్రిప్పుచు, కొన్ని చుక్కల చొప్పున నీరు చేర్చవలెను. ఒక్కమారుగా పోయుట మొదటి తప్పు. ప్రతిమారు చేర్చిన నీరు పూర్తిగా కలిసిన పిమ్మటనే మరల చేర్చవలెను. మొదట ముద్దగా, తరువాత పెద్ద బుడగలతో, ఆ తరువాత పెరుగువలె మారును. ఒక నిమిషం మొదలు రెండు నిమిషాలు పట్టును. ఇక్కడ ఓర్పు లేనివానికి మంచి నురుగు దక్కదు.

5. నురుగు సిద్ధమైనదా అని తెలిసికొనుటకు మూడు గుర్తులు: బ్రష్షు ఎత్తినచో కొన వంగిన శిఖరంవలె నిలుచును. పైన నూనె రాచినట్లు మెరుపు కనిపించును. బొటనవ్రేలు, చూపుడువ్రేలు మధ్య రుద్దినచో జారిపోవుచుండును. మెరుపు లేనిచో ఇంకను నీరు కావలెనని అర్థం.

6. ముఖంపై మొదట వలయాలుగా రుద్దవలెను. పడుకొన్న వెంట్రుకలు లేచి, వాని మొదళ్ళకు నురుగు చేరును. బ్రష్షును అణచిపెట్టి రుద్దరాదు. పిదప గోడకు సున్నం వేసినట్లు అటునిటు పూసి సమంచేయవలెను. ఒక నిమిషం ఆగి, అప్పుడు రేజరు చేపట్టవలెను.

7. మొదటిమారు వెంట్రుక పెరిగిన దిశలోనే గీయవలెను. రేజరును దాని బరువుతోనే జారనీయవలెను గాని నొక్కరాదు. ఇంకను నునుపు కావలెనన్నచో మరల నురుగు పూసియే గీయవలెను. నురుగు లేని చోట రెండవమారు గీయుట పొక్కులకు ఆహ్వానం. గడ్డం ఉంచుకొనువారు చెక్కిళ్ళ పైభాగం, మెడ సవరించుకొనునప్పుడును ఇదియే నియమం. మెడమీది వెంట్రుకలు పలు దిశలుగా పెరుగును గనుక అక్కడ వ్రేలితో తడిమి దిశ తెలిసికొనవలెను.

8. చివరకు చల్లని నీటితో ముఖం పూర్తిగా కడుగవలెను. సబ్బు క్షారగుణం కలది, చర్మం స్వల్పంగా ఆమ్లగుణం కలది. సబ్బు నిలిచినచో మంట కలుగును. బ్రష్షును కడిగి, విదిలించి, గాలి తగులుచోట ఆరనీయవలెను. తడి బ్రష్షును పెట్టెలో మూసియుంచరాదు.

లోపాలు, సవరణలు

నురుగు బీటలు వారి ముఖంపై ఆరిపోవుచున్నచో నీరు తక్కువ. వ్రేళ్ళు తడిచేసి నురుగుపై అద్ది, మరల బ్రష్షు త్రిప్పవలెను. నురుగు పలుచనై మెడమీదికి కారుచున్నచో నీరు ఎక్కువ. బ్రష్షును విదిలించి మరల సబ్బుపై త్రిప్పవలెను. పెద్ద బుడగలు కనిపించినచో వేగం తగ్గించి, బ్రష్షును గిన్నె గోడకు ఒత్తుచు త్రిప్పినచో అవి చితికి సన్నబడును. ఏమి చేసినను నురుగు పొంగక పెరుగు విరిగినట్లున్నచో, దోషం చేతిది కాదు, నీటిది. డబ్బానుండి వెలువడు తయారునురుగు తొందరలో ఉన్నవారికి సౌకర్యమే. కాని దానిలో నీటిపాలును మన ఇష్టప్రకారం మార్చుకొను వీలు లేదు, ధర కూడ హెచ్చు.

పరిశుభ్రత

ఇంతవరకు చెప్పినది సుఖానికి సంబంధించినది. ఇక చెప్పబోవునది ప్రాణానికి సంబంధించినది. హాస్టలు గదులలో ఒక రేజరును ఇద్దరు ముగ్గురు వాడుట స్నేహచిహ్నంగా భావింపబడుచున్నది. గడ్డం గీయునప్పుడు కంటికి కనిపింపని గాట్లు ఎన్నో పడును. హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్.ఐ.వి. రక్తం ద్వారా వ్యాపించు వ్యాధులు. హెపటైటిస్ బి క్రిమి దేహం వెలుపల కనీసం ఏడు దినాలు జీవించియుండగలదు. కంటికి శుభ్రంగా కనిపించు పొడి బ్లేడుపై కూడ అది ఉండవచ్చును. దీనికి టీకా కలదు. హెపటైటిస్ సికి నేటికిని టీకా లేదు. కనుక రేజరు, బ్రష్షు, పటికరాయి, ఈ మూడును ఎవరివి వారికే ఉండవలెను. ఫిట్కరీ అని మనం పిలుచు పటిక చిన్న గాట్ల రక్తాన్ని ఆపును గాని వ్యాధిక్రిములను నశింపజేయునని నమ్మి పదిమంది ముఖాలపై రుద్దుట ప్రమాదం. మిత్రునికి అన్నం పెట్టవచ్చును, పుస్తకం ఇవ్వవచ్చును. రేజరు ఇవ్వకుండుటయే నిజమైన స్నేహం.

సెలూనుకు పోయినప్పుడు ఉస్తరాలో క్రొత్త బ్లేడు వేయుడని, నురుగు బ్రష్షుతో గాక చేతితో పూయుడని మర్యాదగా అడుగవచ్చును. అడుగుట అవమానించుట కాదు. ఆ పనివాడు దినానికి ఎందరినో చూచువాడు. వ్యాధి సోకు భయం మనకంటె ఆయనకే ఎక్కువ. క్రొత్త బ్లేడు వెల కొద్ది రూపాయలు అదనంగా ఇచ్చుట మన ధర్మం. మనం వెల తగ్గించమని బేరమాడి, ఆయన బ్లేడు మార్చలేదని నిందించుట న్యాయం కాదు.

కళాశాల సంఘం వారికి మనవి

పెద్దలకు మూడు సూచనలు. ఒకటి, హాస్టలు స్నానపుగదుల వద్ద వాడిన బ్లేడ్లు వేయుటకు మూతగల రేకుడబ్బా ఉంచవలెను. చెత్తబుట్టలో పడిన బ్లేడు, దానిని ఎత్తు పారిశుద్ధ్య కార్మికురాలి చేతిని కోయును. రెండు, పైన చెప్పిన జాగ్రత్తలను ఉర్దూ, తెలుగు రెండు భాషలలోను వ్రాయించి గోడకు తగిలించవలెను. మూడు, సంవత్సరంలో ఒక దినం అనుభవజ్ఞుడైన క్షురకుని కళాశాలకు ఆహ్వానించి, ప్రథమ సంవత్సరపు విద్యార్థులకు నురుగు కలుపుట, రేజరు పట్టుట చేయించి చూపించవలెను. ఆయనకు ఇతర అతిథి ఉపన్యాసకులకు ఇచ్చు కుర్చీ, గౌరవం, పారితోషికం ఇవ్వవలెను.

ఈ మూడవ సూచనకు కారణం కలదు. పైన నేను వ్రాసిన ఎనిమిది నియమాలును ఆయన చేతిలో ఎన్నో ఏండ్లనుండి ఉన్నవి. ఎంత నీరు చేర్చవలెనో ఆయన కొలిచి చూడడు, నురుగు మెరుపును చూచి తెలిసికొనును. మనం గ్రంథాలనుండి తెచ్చిన కారణాలు, ఆయన వ్రేళ్ళలోని అనుభవం ఒకచోట కలిసినప్పుడే విద్య పూర్ణమగును. చేతిపనిలోని జ్ఞానాన్ని గౌరవింపని విద్యార్థి ఎన్ని పరీక్షలలో నెగ్గినను సగం చదివినవాడే.